పాత దెయ్యాలకు కొత్త టికెట్టు

తాతలు చూసి జడుసుకున్న దెయ్యాన్ని ఇప్పుడు మనవలు టికెట్టు కొని మరీ చూస్తున్నారు. హాలోవీన్, స్క్రీమ్, ఎక్సార్సిస్ట్, ఏలియన్, ఫైనల్ డెస్టినేషన్... ఒకప్పుడు హడలెత్తించిన పేర్లన్నీ గత పదేళ్లలో హాలీవుడ్‌లో మళ్లీ తెరకెక్కాయి. కొన్ని కాసులు కురిపించాయి, కొన్ని చతికిలపడ్డాయి. ఏది నిలబడింది, ఏది పడింది, ఎందుకు? కింది విశేషాలు వరసగా చదివితే ఒక సంగతి తేటతెల్లమవుతుంది. పేరు జనాన్ని థియేటర్ గుమ్మం దాకా తెస్తుంది. లోపల కూర్చోబెట్టేది మాత్రం కొత్త భయమే!

ఈ పద్ధతి వయసు ఎనభై దాటింది

పాత హారర్‌ను కొత్త తరానికి చూపించడం ఓటీటీల కాలంలో పుట్టిన ఆలోచన కాదు. యూనివర్సల్ సంస్థ 1931లో ‘డ్రాక్యులా’, ‘ఫ్రాంకెన్‌స్టైన్’ తీసి పేరూ డబ్బూ సంపాదించింది. కొన్నేళ్లకు సంస్థ యాజమాన్యం మారింది, సెన్సార్ల ఒత్తిడి పెరిగింది, హారర్ సినిమాలు తీయడం ఆగిపోయింది. 1938లో లాస్ ఏంజెలెస్‌లోని రెజీనా అనే చిన్న థియేటర్ ఈ రెండు సినిమాలకూ ‘సన్ ఆఫ్ కాంగ్’ను జతచేసి, ఒక్క టికెట్టుకే మూడూ వేసింది. జనం వీధి పొడవునా బారులు తీరారు. అది చూసిన యూనివర్సల్ ‘డ్రాక్యులా’, ‘ఫ్రాంకెన్‌స్టైన్’లను జంటగా దేశమంతటా మళ్లీ విడుదల చేసింది. మరుసటి ఏడాదే ‘సన్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్’ తీసింది. డ్రాక్యులా వేషంతో లోకమంతా పేరు తెచ్చుకున్న బేలా లుగోసీ అప్పటికి అవకాశాల్లేక ఇబ్బందులు పడుతున్నారు. థియేటర్ల ముందు జనం కట్టిన ఆ బారులే ఆయనకు మళ్లీ పని ఇప్పించాయి.

కథ అందరిదీ... ముఖం మాత్రం కంపెనీది

మేరీ షెల్లీ ‘ఫ్రాంకెన్‌స్టైన్’ నవల 1818లో వచ్చింది. దాన్ని ఎవరైనా సినిమాగా తీసుకోవచ్చు. కానీ బల్లపరుపు తల, మెడకు ఇరువైపులా బోల్టులు ఉన్న ఆ ముఖం నవలలో లేదు. అది జాక్ పియర్స్ అనే మేకప్ నిపుణుడు యూనివర్సల్ కోసం తయారుచేసిన రూపం. అందుకే బ్రిటన్‌లోని హామర్ సంస్థ 1957లో ‘ది కర్స్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్’ తీసినప్పుడు క్రిస్టఫర్ లీకి పూర్తిగా వేరే ముఖం దిద్దింది. పైగా రంగుల్లో తీసింది. అంతకుముందు నలుపు తెలుపుల్లో కనిపించిన నెత్తురు ఎర్రగా కనిపించేసరికి ప్రేక్షకులు కొత్తగా జడుసుకున్నారు. మరుసటి ఏడాది అదే లీ డ్రాక్యులాగా వచ్చి, ఒక తరానికి ఆ పాత్రకు మారుపేరయ్యారు.

ధ్వంసం చేయమన్నా దక్కింది

1922లో జర్మనీలో ఎఫ్.డబ్ల్యూ. ముర్నౌ తీసిన ‘నోస్ఫెరాతు’ బ్రామ్ స్టోకర్ ‘డ్రాక్యులా’ నవలకు అనుమతి లేని అనుసరణ. పేర్లు మార్చినా రచయిత భార్య ఫ్లోరెన్స్ స్టోకర్ ఊరుకోలేదు. కోర్టుకెక్కి గెలిచారు. ప్రింట్లన్నీ ధ్వంసం చేయాలని తీర్పు వచ్చింది. అప్పటికే చేతులు మారిన కొన్ని ప్రింట్లు మిగలబట్టి ఆ సినిమా ఈరోజు మనకు దక్కింది.

ఎండ తగిలితే రక్తపిశాచి అంతమైపోతుందన్న నమ్మకం సినిమాల్లో స్థిరపడింది కూడా దీనివల్లే. స్టోకర్ నవలలో డ్రాక్యులా పగటిపూట కూడా తిరుగుతాడు! 1979లో వెర్నర్ హెర్జోగ్, 2024లో రాబర్ట్ ఎగ్గర్స్ ఈ కథను మళ్లీ తీశారు. ఎగ్గర్స్ హైస్కూల్లో చదివే రోజుల్లోనే దీన్ని నాటకంగా వేశారు. అంతకాలం మనసులో మోసిన కథ కాబట్టే, వందేళ్లు దాటాక కూడా ప్రపంచమంతటా సుమారు 18 కోట్ల డాలర్లు రాబట్టింది.

రెండు డాలర్ల ముసుగు

1978లో జాన్ కార్పెంటర్ తీసిన ‘హాలోవీన్’ పెట్టుబడి సుమారు 3 లక్షల డాలర్లు. హంతకుడు మైఖేల్ మయర్స్‌కు ప్రత్యేకంగా ముసుగు చేయించే స్తోమత లేదు. దుకాణంలో రెండు డాలర్ల లోపు ధరకు దొరికిన, ‘స్టార్ ట్రెక్’ కెప్టెన్ కిర్క్ ముఖం పోలిన మాస్కు కొన్నారు. అంటే అది నటుడు విలియం షాట్నర్ ముఖం! కళ్ల రంధ్రాలు పెద్దవి చేసి, తెల్లరంగు పూశారు. ఏ భావమూ పలకని ఆ ముఖమే సినిమాకు ప్రాణమైంది.

కథ జరిగేది ఆకురాలు కాలంలో, షూటింగ్ చేసింది కాలిఫోర్నియా వసంతంలో. అందుకని రంగు వేసిన ఆకులు రోడ్డు మీద చల్లి, షాటు అయ్యాక ఏరుకుని మళ్లీ మళ్లీ వాడుకున్నారు. సంగీతం కూడా కార్పెంటరే చేసుకున్నారు. చిన్నప్పుడు తండ్రి నేర్పిన ఐదు దెబ్బల లెక్కతో ఆ ట్యూన్ కట్టారు. మన సంగీతం తెలిసినవారు వింటే ఖండ నడక గుర్తుకొస్తుంది.

నలభై ఏళ్లకు అదే అమ్మాయి

హాలోవీన్ వరసలో 2022 వరకు 13 సినిమాలు వచ్చాయి. 1981 నాటి రెండో భాగంలో హంతకుడికీ కథానాయిక లారీకీ అన్నాచెల్లెళ్ల బంధం కలిపారు. మూడో భాగంలో అసలు మైఖేలే లేడు. 2007లో రాబ్ జాంబీ కథను మొదటి నుంచీ మళ్లీ తీశారు. ఇన్ని మలుపులు తిరిగిన కథను 2018లో దర్శకుడు డేవిడ్ గోర్డన్ గ్రీన్ ఒక్క నిర్ణయంతో చక్కదిద్దారు. 1978 తర్వాత వచ్చిన సినిమాలేవీ జరగనట్టే భావించి, నేరుగా మొదటి సినిమాకు కొనసాగింపు తీశారు. లారీ పాత్రకు జేమీ లీ కర్టిస్ తిరిగొచ్చారు. ఈసారి ఆమె అమ్మమ్మ! సంగీతానికి కార్పెంటర్ వచ్చారు. మొదటి సినిమాలో ముసుగు వెనకున్న నిక్ కాజిల్ కూడా కాసేపు మళ్లీ ముసుగు తొడిగారు. కోటి డాలర్లతో తీస్తే పాతిక కోట్లకు పైగా వచ్చాయి. హంతకుడి నుంచి తప్పించుకున్న అమ్మాయి ఆ రాత్రిని నలభై ఏళ్లపాటు ఎలా మోసిందన్నది అంతకుముందు ఎవరూ ఇంత గట్టిగా అడగని ప్రశ్న. ఆ సినిమా బలం అదే.

కర్టిస్ తల్లి ఎవరో తెలుసా? హిచ్‌కాక్ ‘సైకో’లో (1960) స్నానాలగదిలో హత్యకు గురయ్యే జానెట్ లీ. 1998 నాటి ‘హాలోవీన్ హెచ్20’లో తల్లీకూతుళ్లిద్దరూ కలిసి కనిపిస్తారు.

దర్శకుడు ఆయనే, ఫలితం వేరు

‘ది ఎక్సార్సిస్ట్’ (1973) ఉత్తమ చిత్రం విభాగంలో ఆస్కార్ నామినేషన్ పొందిన తొలి హారర్ సినిమా. దీన్ని మూడు భాగాలుగా మళ్లీ తీసేందుకు హక్కుల కోసమే యూనివర్సల్ సుమారు 40 కోట్ల డాలర్లు వెచ్చించిందని అప్పట్లో పత్రికలు రాశాయి. హాలోవీన్‌ను నిలబెట్టిన గ్రీన్‌కే పగ్గాలిచ్చారు. ఎలెన్ బర్స్టిన్ యాభై ఏళ్ల తర్వాత తన పాత పాత్రలో కనిపించారు. అయినా 2023లో వచ్చిన ‘ది ఎక్సార్సిస్ట్: బిలీవర్’ను విమర్శకులు తిరస్కరించారు, వసూళ్లు ఆశించినంత రాలేదు, అనుకున్న రెండో భాగం ఆగిపోయింది. పాత నటిని తీసుకొచ్చారు గానీ ఆమె పాత్రకు చేయడానికి పెద్దగా పనే ఇవ్వలేదు. జేమీ లీ కర్టిస్‌కూ బర్స్టిన్‌కూ దక్కిన పాత్రల్లోని ఆ తేడాయే రెండు సినిమాల జాతకాలనూ తేల్చింది.

ముందే ప్రకటించిన సామ్రాజ్యం

2017లో యూనివర్సల్ తన పాత భూతాలన్నిటినీ కలిపి ‘డార్క్ యూనివర్స్’ పేరుతో సినిమాల వరస ప్రకటించింది. టామ్ క్రూజ్, జానీ డెప్, హావియర్ బార్దెమ్, రసెల్ క్రో, సోఫియా బుటెల్లా ఉన్న ఫొటో విడుదల చేసింది. భారీ ఖర్చుతో తీసిన తొలి చిత్రం ‘ది మమ్మీ’ దెబ్బతినడంతో ఆ ప్రణాళిక అక్కడితోనే ముగిసింది.

మూడేళ్లకు అదే సంస్థ కోసం లీ వానెల్ ‘ది ఇన్‌విజిబుల్ మ్యాన్’ను 70 లక్షల డాలర్లతో తీశారు. కనిపించని మనిషి ఇందులో భార్యాభర్తల్లాంటి బంధంలో ఆడదాన్ని వేధించే క్రూరుడు. ఆమె చెప్పేది ఎవరూ నమ్మరు. ఈ కాలపు ఆడవాళ్ల బాధను పాత కథలో పెట్టినందుకు పెట్టుబడికి దాదాపు ఇరవై రెట్లు వచ్చింది.

నటులకు కనిపించని గొంతు

‘స్క్రీమ్’లో (1996) ఫోన్ చేసి బెదిరించే గొంతు రోజర్ జాక్సన్‌ది. షూటింగులో ఆయన నిజంగానే ఫోన్ లైనులో మాట్లాడేవారు. కానీ నటీనటులు ఆయన్ను కలవకుండా దర్శకుడు వెస్ క్రేవెన్ జాగ్రత్తపడ్డారు. మనిషిని చూస్తే భయం పోతుందని ఆయన లెక్క. క్రేవెన్ 2015లో కన్నుమూశారు. 2022లో కొత్త దర్శకులు తీసిన ‘స్క్రీమ్’ను ఆయనకే అంకితమిచ్చారు. గొంతు మాత్రం జాక్సన్‌దే!

నిద్రలో వచ్చేవాడు

క్రేవెన్ సృష్టించిన మరో భూతం ‘ఎ నైట్‌మేర్ ఆన్ ఎల్మ్ స్ట్రీట్’లోని (1984) ఫ్రెడ్డీ క్రూగర్. అమెరికాకు వలస వచ్చిన ఆగ్నేయాసియా శరణార్థుల్లో కొందరు పీడకలలు వచ్చి నిద్రలోనే చనిపోయారన్న పత్రికా వార్తలే ఆ కథకు మూలం. జానీ డెప్‌కు అదే తొలి సినిమా. మన దేశంలో రామ్సే సోదరులు ఇదే కథతో హిందీలో ‘మహాకాల్’ తీశారు. 2010లో అమెరికాలో రీమేక్ వచ్చింది. ఫ్రెడ్డీగా రాబర్ట్ ఇంగ్లండ్‌నే చూడటానికి అలవాటుపడ్డ అభిమానులకు మరొకరు నచ్చలేదు.

జేసన్‌ను ఆపిన చట్టం

‘ఫ్రైడే ది 13త్’ అనగానే హాకీ మాస్కు పెట్టుకున్న జేసన్ గుర్తొస్తాడు. కానీ 1980 నాటి మొదటి సినిమాలో హంతకురాలు జేసన్ తల్లి. హాకీ మాస్కు వచ్చింది 1982లో, మూడో భాగంలో.

ఇంత ఆదరణ ఉన్న వరసలో 2009 తర్వాత ఏళ్ల తరబడి సినిమా ఎందుకు రాలేదు? అమెరికా కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత తాను ఇచ్చేసిన హక్కులను 35 ఏళ్ల తర్వాత తిరిగి కోరవచ్చు. జీతానికి చేసిన పని అయితే మాత్రం ఆ అవకాశం ఉండదు. మొదటి సినిమా రచయిత విక్టర్ మిల్లర్ ఈ నిబంధన పట్టుకుని నోటీసు ఇచ్చారు. ఆయన తమ ఉద్యోగిగా రాశారని నిర్మాణ సంస్థ వాదించింది. 2018లో జిల్లా కోర్టు, 2021లో అప్పీలు కోర్టు మిల్లర్ పక్షానే తీర్పిచ్చాయి. ఆయనకు దక్కింది అమెరికాలో మొదటి సినిమా స్క్రిప్టు హక్కు. పెద్దయ్యాక మాస్కు తొడిగిన జేసన్ తర్వాతి సినిమాల్లోవాడు. దాంతో ఎవరు ఏం తీయవచ్చన్నది చిక్కుముడి అయింది. రాసినవాడి హక్కుకు కోర్టు ఇచ్చిన ఈ విలువ మన రచయితలు కూడా తెలుసుకోవలసిన సంగతి.

పొట్టి చిత్రాలే పునాది

పెద్ద హారర్ పేర్లలో చాలావాటి వెనక ఒక షార్ట్ ఫిల్మ్ ఉంది. సామ్ రైమీ 1978లో ‘విథిన్ ది వుడ్స్’ అనే చిన్న సినిమా తీసి, దాన్ని చూపించి ‘ది ఈవిల్ డెడ్’కు పెట్టుబడి కూడగట్టారు. జేమ్స్ వాన్, లీ వానెల్ ‘సా’ కోసం చేసిందీ అదే. జపాన్‌లో తకాషి షిమిజు ‘జు-ఆన్’ కూడా టీవీలో వచ్చిన నిమిషాల నిడివి కథలతోనే మొదలైంది.

ఉరుగ్వే దేశపు కుర్రాడు ఫెదె అల్వారెజ్ 2009లో యూట్యూబ్‌లో పెట్టిన పొట్టి చిత్రం చూసి రైమీ సంస్థ కబురంపింది. 2013లో ‘ఈవిల్ డెడ్’ కొత్త రూపాన్ని అతని చేతే తీయించింది. 2024లో ‘ఏలియన్: రోమ్యులస్’ తీసిందీ ఆయనే. షార్ట్ ఫిల్ములు తీస్తూ అవకాశం కోసం చూస్తున్న మన కుర్రాళ్లు గుండె నిబ్బరం చేసుకోవాల్సిన ఉదాహరణ ఇది.

ఓటీటీకని తీస్తే థియేటర్‌కు...

‘ఈవిల్ డెడ్ రైజ్’ (2023), ‘ఏలియన్: రోమ్యులస్’ రెండూ మొదట ఓటీటీ కోసమే అనుకున్నవి. తర్వాత మనసు మార్చుకుని థియేటర్లలో వేస్తే మొదటిది 14 కోట్లకు పైగా డాలర్లు, రెండోది సుమారు 35 కోట్ల డాలర్లు రాబట్టాయి. మన దగ్గరా ఇలాంటిదే జరిగింది. ‘మా ఊరి పొలిమేర’ 2021లో నేరుగా ఓటీటీలో వచ్చింది. ఇళ్లలో చూసినవాళ్లు నోటి మాటతో ప్రచారం చేశారు. 2023లో రెండో భాగం థియేటర్లలో విడుదలై విజయం సాధించింది. భయాన్ని నలుగురితో కలిసి చీకట్లో పంచుకోవాలన్న కోరిక ఇంకా చావలేదు.

క్యాసెట్ పోయింది, శాపం పోలేదు

1998 నాటి జపాన్ సినిమా ‘రింగు’లో శాపం సోకిన వీడియో క్యాసెట్ చూసినవాళ్లు ఏడు రోజుల్లో చనిపోతారు. క్యాసెట్టంటే ఏమిటో ఎరుగని పిల్లలను ఎలా భయపెట్టాలి? 2022లో వచ్చిన ‘సదాకో డీఎక్స్’లో గడువును 24 గంటలకు కుదించి, శాపాన్ని సోషల్ మీడియాకెక్కించారు. ‘రింగు’ దెయ్యం సదాకోకూ ‘జు-ఆన్’ దెయ్యం కయాకోకూ పోటీ పెడుతున్నామని ఏప్రిల్ ఒకటిన సరదాకు చేసిన ప్రకటనకు జనం ఎంతగా స్పందించారంటే, 2016లో ఆ సినిమాను నిజంగానే తీశారు.

డానీ బోయెల్ 2002లో ‘28 డేస్ లేటర్’ను అప్పటి మామూలు డిజిటల్ క్యామ్‌కార్డర్‌తో తీశారు. 2025లో ‘28 ఇయర్స్ లేటర్’కు ఐఫోన్లు వాడారు. కొన్ని షాట్లకు ఒకే చట్రంలో ఇరవై ఫోన్ల దాకా అమర్చారు. ప్రతి తరంలోనూ ఇళ్లలో ఉండే కెమెరానే ఎంచుకోవడం వల్ల తెర మీది విపత్తు మన పక్క వీధిలో జరిగినట్టు అనిపిస్తుంది.

చివరి వేషం, చివరి మాట

‘ఫైనల్ డెస్టినేషన్’ (2000) కథను జెఫ్రీ రెడిక్ మొదట ‘ది ఎక్స్ ఫైల్స్’ టీవీ సీరియల్ ఎపిసోడ్‌గా రాసుకున్నారు. ముసుగు లేదు, దెయ్యం లేదు, కనిపించని మృత్యువే ఇందులో ప్రతినాయకుడు. 2011లో ఐదో భాగం తర్వాత పద్నాలుగేళ్లకు ‘ఫైనల్ డెస్టినేషన్: బ్లడ్‌లైన్స్’ వచ్చి 30 కోట్ల డాలర్లు దాటింది. అమెరికా కంటే ఒకరోజు ముందే, 2025 మే 15న మన దేశంలో విడుదలైంది.

ఇందులో మృత్యువు రహస్యం తెలిసిన బ్లడ్‌వర్త్ పాత్రధారి టోనీ టాడ్. 1992 నాటి ‘క్యాండీమ్యాన్’ ఆయనే. ఆ సినిమాలో నిజం తేనెటీగలను నోట్లో పెట్టుకుని నటించారు. కుట్టిన ప్రతిసారికీ వెయ్యి డాలర్లు ఇచ్చేలా ఒప్పందం చేసుకున్నారు. బ్లడ్‌లైన్స్ షూటింగు నాటికి ఆయన తీవ్ర అనారోగ్యంతో ఉన్నారు. చివరి సన్నివేశంలో రాసిన డైలాగులు పక్కనపెట్టి, ప్రేక్షకులకు చెప్పాలనుకున్నది సొంత మాటల్లో చెప్పమని దర్శకులు కోరారు. బతుకు విలువ గురించి ఆయన చెప్పిన ఆ మాటలే సినిమాలో ఉన్నాయి. 2024 నవంబరులో ఆయన కన్నుమూశారు. పాత సిరీస్‌ను లేపడమంటే ఎలా ఉండాలో చెప్పడానికి నా దృష్టిలో ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

ఒక్క నర్తకి, ఎన్నో భాషలు

మన దగ్గర ఇంత దూరం ప్రయాణించిన కథ 1993 నాటి మలయాళ చిత్రం ‘మణిచిత్రతాళు’. ఫాజిల్ దర్శకత్వంలో వచ్చిన ఈ సినిమాకు శోభన జాతీయ ఉత్తమ నటి అవార్డు అందుకున్నారు. కన్నడంలో పి. వాసు దీన్ని ‘ఆప్తమిత్ర’గా (2004) తీశారు. అందులో కథానాయిక మన సౌందర్య. ఆ సినిమా విడుదలయ్యేనాటికి ఆమె లేరు. 2005లో వాసే రజనీకాంత్, జ్యోతికలతో ‘చంద్రముఖి’ తీశారు. 2007లో హిందీ ‘భూల్ భులయ్యా’ వచ్చింది. దాని దర్శకుడు ప్రియదర్శన్, మలయాళ మాతృకకు రెండో యూనిట్ దర్శకుల్లో ఒకరు.

గమనించారా? ప్రతి చోటా దెయ్యం పక్క భాషే మాట్లాడుతుంది. మలయాళంలో కథానాయికను ఆవహించిన నర్తకి తంజావూరు తమిళ స్త్రీ. తమిళంలో తెలుగు మాట్లాడుతుంది. హిందీలో బెంగాలీ. ఇంటి మనిషి నోట హఠాత్తుగా పరాయి భాష వినిపించడమే ఆ కథలోని అసలు భయం!

తర్వాత తెలుగులో వెంకటేశ్‌తో ‘నాగవల్లి’ (2010), 2023లో తమిళంలో లారెన్స్, కంగనా రనౌత్‌లతో ‘చంద్రముఖి 2’ వచ్చాయి. మొదటి దాని పేరు దేనికీ రాలేదు. ‘భూల్ భులయ్యా’ మాత్రం కొత్త కథలతో సాగింది. 2024 నాటి మూడో భాగానికి విద్యాబాలన్ తిరిగొచ్చారు. అదే ఏడాది అసలు ‘మణిచిత్రతాళు’ 4కె రూపంలో కేరళ థియేటర్లకు వస్తే జనం బ్రహ్మరథం పట్టారు.

రెండోసారికే గెలిచింది

2018లో వచ్చిన హిందీ చిత్రం ‘తుంబాడ్’ను అప్పట్లో థియేటర్లో చూసినవాళ్లు తక్కువ. ఓటీటీలో చూసి అభిమానులైనవాళ్లు ఎక్కువ. 2024 సెప్టెంబరులో రీరిలీజ్ చేస్తే మొదటి విడుదల కంటే ఎక్కువ వసూలు చేసింది. 1938లో రెజీనా థియేటర్ చెప్పిన పాఠమే ఇదీ: మంచి సినిమాను మళ్లీ చూపించడమే ఒక్కోసారి అన్నిటికంటే మంచి పునరుద్ధరణ.

మనం చేయవలసింది

తెలుగులో హారర్ వరసలకు కొదవ లేదు. ‘అవును’, ‘రాజు గారి గది’, ‘గీతాంజలి’ రెండో, మూడో భాగాలు చూశాయి. 2022లో ‘పోకిరి’ దగ్గర ఊపందుకున్న రీరిలీజుల సంబరం మాత్రం ఎక్కువగా హీరోల పుట్టినరోజుల చుట్టూనే తిరుగుతోంది. రాంగోపాల్ వర్మ 1992లో తెలుగు, హిందీ భాషల్లో తీసిన ‘రాత్రి’, 1996 నాటి ‘దెయ్యం’ లాంటి సినిమాలను మంచి ప్రింటుతో, మంచి శబ్దంతో ఈ తరానికి పెద్దతెర మీద చూపించాలి. నిర్మాతలకు, పంపిణీదారులకు ఇది నా మనవి. సీక్వెల్ తీసే తొందరకు ముందు మూలాన్ని కాపాడుకోండి.

పాఠకులకు కూడా ఒక మాట. కొత్త భాగానికి టికెట్టు బుక్ చేసుకునే ముందు, వీలైతే అసలు సినిమా ఒక్కసారి చూడండి. ఇవి చాలావరకు పెద్దలకు మాత్రమే కాబట్టి ఇంట్లో పిల్లలున్నప్పుడు సర్టిఫికెట్ గమనించండి. చూశాక నచ్చితే నలుగురికీ చెప్పండి, పేరు మాత్రమే అమ్మాలని చూస్తే అదీ చెప్పండి. ఏ దెయ్యం మళ్లీ లేవాలో, ఏది పడుకుని ఉండాలో తేల్చేది చివరికి ప్రేక్షకుడే.